ఆరో నంబరు ప్లాట్‌ఫారం

మా పిన్ని ఇంట్లో మాట్లాడదు. అలక కాదు, పొదుపు. "నా గొంతు బస్టాండుది. ఇక్కడ కూడా వాడేస్తే రేపు పొద్దున అక్కడికేం తీసుకెళ్ళను?" అంటుంది, అదీ గొణిగినట్టు. కూర కావాలంటే గిన్నె వైపు చూస్తుంది, చాలంటే చెయ్యి అడ్డం పెడుతుంది. కోపమొస్తే కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెడుతుంది. ఆ చప్పుడుకి బాబాయి టీవీ కట్టేస్తాడు. బాబాయి బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని ఆయన ఎడమ చెవి ఎప్పుడో మొరాయించింది. "చూసి చూసి కలిపారు మా ఇద్దర్నీ. ఆవిడ మాట్లాడదు, నాకు వినబడదు" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు.

బయట మాత్రం మా ఊళ్ళో ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. బస్టాండులో విచారణ కిటికీకి పైన, ఇనప మెట్లెక్కితే వచ్చే అద్దాల గదిలో కూర్చుంటుంది పిన్ని. ఒక బల్ల, మెడకు నల్ల టేపు చుట్టిన మైకు, తను కుట్టుకున్న దిండు వేసిన చెక్క కుర్చీ, గోరువెచ్చటి నీళ్ళ ఫ్లాస్కు. అక్కణ్ణుంచి ఎనిమిది ప్లాట్‌ఫారాలూ కనబడతాయి. గోడకు బస్సుల పట్టిక వేలాడుతూ ఉంటుంది కానీ దాని మొహం చూడదు. బస్సు వచ్చి నిలబడితేనే చెబుతుంది. "కంటికి కనబడని బస్సు నా నోట్లోంచి రాదు" అనేది ఆమె పట్టుదల. ఇంకోటి, ఏది చెప్పినా రెండుసార్లు చెబుతుంది. రెండోసారి కాస్త నెమ్మదిగా. మొదటిది కూర్చున్నవాళ్ళ కోసమట, రెండోది పరిగెత్తుకొచ్చేవాళ్ళ కోసమట.

ఆ కుర్చీ ఆమెకు ఎలా వచ్చిందో బాబాయి చెబితేనే బాగుంటుంది. పెళ్ళయిన కొత్తలో ఆయన అన్నం డబ్బా ఇంట్లో మరిచిపోయి డ్యూటీకి వెళ్ళాడు. పిన్ని డబ్బా పట్టుకుని వచ్చేసరికి బస్సు అవతలి చివర కదులుతోంది. ఒకటో ప్లాట్‌ఫారం దగ్గర నిలబడి ఆయన్ని ఒక్క కేక వేసింది. అన్ని ఇంజన్ల రొదలోనూ ఆ కేక ఎనిమిదో ప్లాట్‌ఫారం దాకా ముక్క చెడకుండా వెళ్ళింది. బాబాయి బ్రేకు వేశాడు. ఆయనతోపాటు ఇంకో రెండు బస్సులూ వేశాయట. అప్పటి మేనేజరు గది లోంచి బయటికొచ్చి, "ఎవరమ్మా అది, ఒకసారి పైకి రండి" అన్నాడు. "నా మీద అరిచిన అరుపుకి ఇన్నేళ్ళుగా ఆవిడకి జీతమిస్తున్నారు. నాకందులో వాటా ఏదీ?" అంటాడు బాబాయి. ఇన్నేళ్ళయినా ఆమెది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగమే. పర్మనెంటు చెయ్యమని అడగవే అని నేను తల బాదుకుంటాను. పిన్ని కళ్ళద్దాలు తుడుచుకుంటుంది.

నేను ఆమె అక్క కూతుర్ని. వాళ్ళ ఇంటి వెనక గదిలో గోడలకు పాత పరుపులు కొట్టి రికార్డింగు పని చేస్తుంటాను. దుకాణాల ప్రకటనలు, తప్పిపోయిన కుక్కల ప్రకటనలు, నీళ్ళు రావని చెప్పే ప్రకటనలు. ఎన్నికలొస్తే మాత్రం ఊపిరాడదు. ప్రచారం బళ్ళ మీద మోగే మాటలన్నీ మా పరుపుల గదిలోంచే వెళ్ళాలి, అన్నీ పిన్ని గొంతుతోనే వెళ్ళాలి. తాళంచెవి పార్టీకీ ఆమే చెబుతుంది, దువ్వెన పార్టీకీ ఆమే చెబుతుంది. ఇద్దరికీ ఒకటే ధర, ఒకటే ఉత్సాహం. అవతలివాళ్ళని తిట్టిన వాక్యం కనబడితే మాత్రం పెన్నుతో కొట్టేసి, "ఇది నేను చదవను, మిగతాది బాగుంది" అంటుంది. ఇన్నేళ్ళలో ఎవరూ కాదనలేదు. ఎందుకంటే ప్రతిసారీ తాళంచెవి పార్టీయే బోలెడు తేడాతో గెలిచేది. గెలిచేవాడికి బెంగ లేదు, ఓడేవాడికి ఆశ లేదు, ఇద్దరూ మర్యాదగానే ఉండేవారు.

తాళంచెవి తరఫున వచ్చేది ఫ్రేములాయన. ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపు ఆయనది. మనిషి కూడా ఎప్పుడూ నాలుగువైపులా సరిచూసుకున్నట్టు నిలబడతాడు. దువ్వెన తరఫున వచ్చేది గుండాయన. తల మీద ఒక్క వెంట్రుక లేదు. "ఆ పార్టీలో నీకేం పనయ్యా?" అని ఊరంతా ఏడిపిస్తే తనే ముందు నవ్వేవాడు. ఇద్దరూ మా ముందుగదిలో ఒకే సోఫాలో కూర్చుని, ఒకే పేపరు చెరో పేజీ చదువుకుంటూ తమ వంతు కోసం ఎదురుచూసేవారు. ఒకాయన పెన్ను మర్చిపోతే ఇంకొకాయన ఇచ్చేవాడు.

ఈసారి ఆ సోఫాకి చీడ పట్టింది. సర్వేలు మొదలయ్యాయి. మొదటి సర్వేలో తాళంచెవి పార్టీ మామూలుగానే ఎక్కడో పైన ఉంది. రెండోదానిలో సగానికి దిగింది. మూడోది వచ్చేసరికి రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. టీవీలో కోట్లు వేసుకున్నవాళ్ళు "హంగ్ పార్లమెంటు తప్పదు, ఎవరికీ మెజారిటీ రాదు" అని తేల్చేశారు. ఈ సర్వేలవాళ్ళు ఏ వీధిలో ఎవరిని అడిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా వీధికైతే రాలేదు. అయినా మా నియోజకవర్గం గురించి మాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసన్నట్టు, "ఇక్కడ ఒక్కో ఓటూ కీలకం" అని మా బస్టాండు బొమ్మ చూపించి మరీ చెప్పారు.

అంతే, ఊరికి జ్వరం పట్టుకుంది. గుండాయన్ని ఎవరో మామూలుగానే దువ్వెన గురించి ఏడిపిస్తే ఆయన వాడి చొక్కా పట్టుకున్నాడు. ఫ్రేములాయన తన షాపుకొచ్చిన దువ్వెనవాళ్ళ ఫొటో పగలగొట్టి, జారిపోయిందన్నాడు. వీళ్ళిద్దరూ సోఫాలో కలిసి కూర్చోవడం మానేశారు. ఒకాయన ఉంటే ఇంకొకాయన గుమ్మంలో నిలబడేవాడు.

ఒకరోజు ఫ్రేములాయన కాగితాలు బల్ల మీద పెట్టకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"అమ్మా, ఈసారి మాకొక్కరికే చెప్పాలి మీరు. మీరు బస్సొచ్చిందంటే వచ్చినట్టే కదా. జనం మీ గొంతుని నమ్ముతారు. అదే గొంతు అవతలివాళ్ళకి కూడా చెప్తే ఎలాగండీ?"

"ఇన్నాళ్ళూ చెప్పాగా."

"ఇన్నాళ్ళ సంగతి వేరండీ. ఇప్పుడు ఒక్కో ఓటూ లెక్కే."

"ఇదివరకు లెక్క కాదా?" అంది పిన్ని.

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. మర్నాడు గుండాయన వచ్చి అవే మాటలు, కొంచెం అటూ ఇటూగా, అన్నాడు. పిన్ని కూడా అవే జవాబులిచ్చింది. నేను ముందురోజు రికార్డు చేసి ఉంటే దాన్నే తిప్పి వినిపించేదాన్ని. "గొంతు అద్దెకిస్తాను బాబూ. రాసివ్వను" అని లోపలికి వెళ్ళిపోయింది. వేరే దిక్కు లేక ఇద్దరూ కాగితాలిచ్చి వెళ్ళారు.

ఆ వారంలోనే కూరగాయల మార్కెట్టు మలుపులో రెండు ప్రచారం బళ్ళు ఎదురెదురుగా వచ్చి ఇరుక్కున్నాయి. ఒక బండిలో పిన్ని తాళంచెవికి వెయ్యమంటోంది, ఇంకో బండిలో పిన్ని దువ్వెనకి వెయ్యమంటోంది. డ్రైవర్లు పంతానికి పోయి శబ్దం పెంచారు. బాబాయి సంచీ పట్టుకుని మంచి చెవి అటు తిప్పి నిలబడ్డాడట. ఇంటికొచ్చి, "మొగుడితో ఒక్క మాట లేదు. బజార్లో మాత్రం తనతో తనే పోట్లాడుతోంది" అన్నాడు. పిన్ని కూడా నవ్వింది. ఆ ఎన్నికల్లో మేం హాయిగా నవ్వింది అదే ఆఖరు.

దువ్వెన గుర్తు మా దగ్గర ఓటు యంత్రం మీద ఆరో నంబరు. జనానికి నంబరు గుర్తుండటం లేదని ఏదో సర్వేలో తేలిందట. గుండాయన కొత్త కాగితాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. చిన్న ప్రకటన, పెద్ద ప్రకటన, మలుపుల దగ్గర చెప్పేది, ఆగిన చోట చెప్పేది, అన్నిటిలోనూ ఒకటే వాక్యం: ఆరో నంబరుకే మీ అమూల్యమైన ఓటు వేసి గెలిపించండి. ఆ సాయంత్రమంతా పిన్ని అదే చెప్పింది. చివరికి నా చెవుల్లోనే ఆరు ఆరు అని గీపెట్టింది. ఇక ఆమె నాలుక సంగతి చెప్పాలా?

మర్నాడు పొద్దున నేను రేవు దగ్గరి కొట్లో వైర్లు కొనడానికి బస్టాండుకెళ్ళాను. రేవు బస్సు ఆగేది ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీద. ఆసుపత్రి మీదుగా పోతుంది కాబట్టి ఎప్పుడూ కిటకిటే. బస్సు వచ్చి ఆగింది. పైనుంచి పిన్ని గొంతు అందుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఆసుపత్రి మీదుగా రేవుకు వెళ్ళే బస్సు ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది. ఆరో నంబరుకే మీ అమూల్యమైన ఓటు వేసి గెలిపించండి."

బస్టాండంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. రేవు బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి అభ్యర్థిలా అందరికీ చెయ్యి ఊపాడు. సరే, నోరు జారింది, అక్కడితో ఆగితే పోయేదే. ఆగదుగా! పిన్ని ఏది చెప్పినా రెండుసార్లు కదా. మళ్ళీ మొదలుపెట్టింది, మొత్తం, ఓటుతో సహా, పరిగెత్తుకొచ్చేవాళ్ళ కోసం మరికాస్త నెమ్మదిగా. అప్పటికి నా నవ్వు ఎండిపోయింది. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి.

మధ్యాహ్నానికి ఆ ముక్క ఊళ్ళో ప్రతి జేబులోనూ ఉంది. సాయంత్రానికి టీవీలోకి ఎక్కింది. రెండు గీతలూ కలిసిపోయిన ఎన్నికల్లో ప్రభుత్వ మైకులో ప్రచారమా అని కోట్లవాళ్ళు బల్ల గుద్దారు. పిన్నిని మేనేజరు తన గదికి పిలిచాడు. నేను వెంట వెళ్ళాను, ఎవరూ వద్దనలేదు. మేనేజరు చెడ్డవాడు కాదు, పిరికివాడు. ఫోను మోగితే లేచి నిలబడి మాట్లాడతాడు. ఆయన ఎదురుగా ఫ్రేములాయన ఫిర్యాదు కాగితంతో కూర్చున్నాడు. దువ్వెన పార్టీ డబ్బిచ్చి ఆమెతో చెప్పించిందని అందులో రాశాడు.

"ఒక్కసారంటే నోరు జారిందనుకుంటామండీ. రెండుసార్లు జారుతుందా?" అన్నాడు.

"నేనేది చెప్పినా రెండుసార్లే కదా" అంది పిన్ని.

"తప్పు కూడానా?"

"తప్పని ముందే తెలిస్తే ఒక్కసారైనా ఎందుకంటాను? తప్పు నాదే. మైకులోనే క్షమాపణ చెప్తాను. ఎవరూ చెప్పమనక్కర్లేదు."

ఫ్రేములాయన ముందుకు జరిగాడు. "మంచిదమ్మా. అందులో ఒక్క ముక్క కలపండి చాలు. దువ్వెనవాళ్ళు చెప్పమంటే చెప్పానని. మీ మీద ఏ కేసూ ఉండదు, నాదీ హామీ."

పిన్ని కళ్ళద్దాలు తీసి మేనేజరు బల్ల మీద పెట్టింది. అక్కడ బాబాయి లేడు కాబట్టి ఆ చప్పుడుకి ఎవరూ బెదరలేదు. "వాళ్ళు చెప్పమన్లేదు. అలసటలో నా నోరు చేసిన పని. జరగనిది జరిగిందని నేను చెప్పను."

అప్పుడు మేనేజరు మధ్యేమార్గం కనిపెట్టాడు. నాకు ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. "పోనీ ఇలా చేద్దామమ్మా. ఓట్లయ్యేదాకా మీరు ఆరు అనకండి."

"అనకుండానా?"

"ఆ అంకె వద్దు. ఐదు పక్కది అనండి."

"ఐదుకి రెండు పక్కలున్నాయి సార్."

"అయితే ఏడుకి ముందుది అనండి. ఏదో ఒకటి! మీ కాంట్రాక్టు పొడిగింపు వచ్చే నెలే, నా బల్ల మీదే ఉంది. ఎన్నాళ్ళ నుంచో ఉన్న కుర్చీ, పోగొట్టుకోకండి." ఆయన బతిమాలుతున్నాడు, బెదిరించడం కూడా చేతకాదు. ఫ్రేములాయన మాత్రం లేస్తూ, "రెండో నంబరు అనొచ్చండి, దానికి అభ్యంతరం లేదు" అన్నాడు. తాళంచెవిది రెండో నంబరు.

ఇంటికొచ్చాక బాబాయి మేనేజరు పక్షమే పట్టాడు. ఆయన భయం ఆయనది. పిన్నికి ఆ కుర్చీ అంటే ఎంత ప్రాణమో ఆయనకు తెలిసినంతగా నాకు తెలియదు. "ఓట్లయ్యేదాకానే కదే. ఆ ఒక్క అంకె మింగేస్తే ఏం పోయింది? కుర్చీ పోతే ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు? నాతో కూడా మాట్లాడవాయె."

అప్పుడు పిన్ని మాట్లాడింది. ఇంట్లో, పూర్తి గొంతుతో. వంటింట్లో గ్లాసులు మోగాయి.

"ఆరులో ఏ బస్సు ఆగుతుందండీ? ఆసుపత్రి బస్సు. ఎవరెక్కుతారు? కళ్ళు సరిగ్గా కనబడనివాళ్ళు, బోర్డు చదవలేనివాళ్ళు, జ్వరమొచ్చిన బిడ్డని భుజానేసుకుని పరిగెత్తేవాళ్ళు. వాళ్ళకి నేను ఐదు పక్కది, ఏడు ముందుది అని పొడుపుకథలు వేయనా? ఎవరి సర్వేలోనో ఎవరికో ఒక్క పాయింటు తగ్గిందని నేను అంకెలు మర్చిపోవాలా? ఇవాళ ఆరు వద్దంటారు. రేపు ఇంకోడొచ్చి రెండు వద్దంటాడు. చివరికి బస్సుల్ని గాల్లో ఆపమంటారా? తప్పు చేశాను, ఒప్పుకుంటాను. కానీ తప్పు చేశాను కదా అని అబద్ధం ఆడను, బస్సుని దాచను. కుర్చీ పోతే పోనీండి. ఆరు నూరైనా నేను ఆరు అనే అంటాను!"

బాబాయి ఎడమ చెవి తడుముకున్నాడు. "ఇటువైపు కూడా వినబడిందే" అన్నాడు. తర్వాత లేచి ఆమె ఫ్లాస్కు కడిగి బోర్లించాడు. నాకు ఏడుపూ గర్వమూ కలిసి వచ్చాయి.

మర్నాడు అద్దాల గదిలో పిన్ని వెనక నేను నిలబడ్డాను. నా వెనక మేనేజరు. కింద ఆరో ప్లాట్‌ఫారం దగ్గర ఆ రోజు ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు కూడా చేరారు. పిన్ని ఎడమ బొటనవేలితో స్విచ్చి నొక్కింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. నిన్న పొద్దున నా నోటినుంచి అనకూడని మాట వచ్చింది. ఎవరూ చెప్పించలేదు. పొరపాటు నాదే, క్షమించండి. మీ ఓటు మీ ఇష్టం. ఆసుపత్రి మీదుగా రేవుకు వెళ్ళే బస్సు మాత్రం ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉంది. ఆరో నంబరు."

అంతా మళ్ళీ రెండోసారి చెప్పింది. మేనేజరు "అయ్యో అమ్మా, అయ్యో" అంటూ మెట్లు దిగిపోయాడు. కింద కొందరు చప్పట్లు కొట్టారు. రెండో ప్లాట్‌ఫారం వైపు నుంచి ఎవడో, "దువ్వెనవాళ్ళు ఎంతిచ్చారేంటి?" అని కేకేశాడు, ఇంకొందరు నవ్వారు. పిన్ని స్విచ్చి ఆపి ఫ్లాస్కులోంచి నీళ్ళు ఒంపుకుంది. సగం బల్ల మీద పోయాయి. ఇన్నేళ్ళు ఈ ఊరికి దారి చెప్పిన మనిషిని అలా అనడానికి వాడికి నోరెలా వచ్చిందో! కిందికెళ్ళి వాణ్ణి వెతికి నాలుగు దులుపుదామని కదిలాను. పిన్ని నా కొంగు పట్టుకుని ఆపింది. నాలుగో దాని మీదికి బస్సొస్తోంది, అది చెప్పాలి ఆమెకు. ఆ రోజంతా ఆరులోకి బస్సు వచ్చినప్పుడల్లా ఆరు అనే అంది. మేనేజరు ఫిర్యాదు కాగితం పైఆఫీసుకి పంపేశాడు.

ఆ సాయంత్రం గుండాయన పళ్ళన్నీ కనబడేలా నవ్వుకుంటూ వచ్చాడు. "అమ్మా, మీరు మామూలు మనిషి కాదు. మీ ఫొటోతో పోస్టరు వేస్తాం. భయపడని గొంతు మాది అని రాయిస్తాం."

"నేను మీదాన్నని ఎవరు చెప్పారు?"

"ఆరు అన్నారు కదండీ, అంత ధైర్యంగా!"

"బస్సు అక్కడుంది కాబట్టి అన్నాను. రెండులో ఉంటే రెండంటాను. పోస్టరు వేశారో, అది అబద్ధమని మైకులో చెప్తాను. రెండుసార్లు చెప్తాను." ఆయన నవ్వు మొహం మీదే ఆరిపోయింది. తాళంచెవివాళ్ళు అప్పటికే ఇంకో గొంతు వెతుక్కున్నారు. ఇక దువ్వెనవాళ్ళూ పోయారు. పరుపుల గదిలో తప్పిపోయిన కుక్కలే మిగిలాయి. పిన్ని ఓటు వేసి వచ్చింది. ఎవరికేశావని నేను అడగలేదు, అడిగితే ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి.

ఫలితాలు వచ్చాయి. మా దగ్గర ఆరో నంబరు కొద్ది ఓట్లతో ఓడిపోయింది. పిన్ని క్షమాపణ చెప్పబట్టే ఓడామని గుండాయన ఊరంతా తిరిగి చెప్పాడు. దేశం మొత్తం మీద మాత్రం కోట్లవాళ్ళ జోస్యమే నిజమైంది. ఎవరికీ మెజారిటీ రాలేదు. టీవీలో రోజూ అదే పాట, ఎవరు ఎవరితో కలుస్తారు, ఎవరు ఎవర్ని వదిలేస్తారు.

ఈ గొడవలో పిన్ని కాంట్రాక్టు గడువు దాటిపోయింది. మేనేజరు పొడిగించలేదు, తీసెయ్యనూ లేదు. ఫిర్యాదు తాళంచెవివాళ్ళది. రేపు వాళ్ళే వస్తే ఆమెను ఉంచినందుకు తన ఉద్యోగం పోతుంది. దువ్వెనవాళ్ళొస్తే ఆమెను తీసేసినందుకు పోతుంది. పైఆఫీసుని అడిగితే, ప్రభుత్వం ఏర్పడ్డాక చూద్దామన్నారట. వాళ్ళదీ అదే బాధ. అందుకని ఆయన పిన్ని కనబడితే పేపరు అడ్డం పెట్టుకునేవాడు. పిన్ని రోజూ ఫ్లాస్కు పట్టుకుని ఇనప మెట్లెక్కేది. ఏ హక్కుతో వెళ్తున్నావు పిన్నీ అని అడిగాను. "ఉండమన్నవాళ్ళు లేరు, పొమ్మన్నవాళ్ళూ లేరు. బస్సులు మాత్రం వస్తున్నాయి" అంది. దేశంలో అంత పెద్ద కుర్చీ ఖాళీగా ఉంది. మా బస్టాండు కుర్చీలో మాత్రం మనిషి ఉంది. అయితే మెట్ల మీద గట్టిగా అడుగుల చప్పుడైతే ఆమె తలుపు వైపు చూసేది. పొమ్మనే కాగితం ఇవాళే వచ్చిందేమోనని.

చివరికి ఒకరోజు టీవీలో కలిసింది ఎవరనుకున్నారు? తాళంచెవీ దువ్వెనా! దేశ శ్రేయస్సు కోసమట. బాబాయి మంచి చెవిని నమ్మలేక శబ్దం పెంచమన్నాడు.

మర్నాడే ఒక స్కూటరు మా గుమ్మం ముందు ఆగింది. ముందు ఫ్రేములాయన, వెనక గుండాయన. ఇద్దరూ వచ్చి పాత సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. ఫ్రేములాయన కాగితం తీశాడు. తాళంచెవీ దువ్వెనా చేతులు కలిపిన ఈ శుభసమయాన ఓటర్లందరికీ కృతజ్ఞతలు, అంటూ మొదలైంది.

"రెండు పార్టీల జనానికీ మీ గొంతే అలవాటమ్మా. మీరు చెప్తే గానీ మేం కలిశామని నమ్మేలా లేరు" అన్నాడు గుండాయన.

పిన్ని చివరిదాకా చదివి కాగితం మడిచి తిరిగిచ్చింది. "ఇందులో తిట్లేం లేవు. అయినా చదవను."

ఆమె ఒక ప్రకటన కాదనడం అదే మొదటిసారి.

"ఎందుకండీ?"

"ఒకే గొంతు ఇద్దరికీ చెప్తే తప్పన్నారు మీరిద్దరూ, ఈ సోఫాలోనే. నేను అమ్ముడుపోయానని మీరు కాగితం పెట్టారు. నన్ను పోస్టరెక్కిస్తానని మీరొచ్చారు. ఒక్క అంకె కోసం నా ముద్ద నోట్లోకి పోకుండా చేశారు. ఇవాళ మీరు కలిసిపోయారు, సంతోషం. మధ్యలో నా గొంతెందుకు? మీ నోళ్ళతో మీరే చెప్పుకోండి."

ఫ్రేములాయన చొక్కా సర్దుకున్నాడు. "చూడండమ్మా, ఇప్పుడు ప్రభుత్వం వచ్చేసింది. ఇన్నాళ్ళూ ఆగిన కాగితం మీద రేపే సంతకం పడుతుంది. ఇది చదివితే ఒక సంతకం, చదవకపోతే ఇంకో సంతకం."

బాబాయి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. పిన్ని మాత్రం లేచి తలుపు పూర్తిగా తెరిచింది.

"పెట్టించండి. ఆ కాగితం చేతికొచ్చేదాకా పైనుంచి ఆరు అంటాను. వచ్చాక గేటు బయట నిలబడి ఆరు అంటాను. మైకు మీది, గొంతు నాది. ఒకటో ప్లాట్‌ఫారం నుంచి ఎనిమిది దాకా వినబడుతుంది, కావాలంటే మా ఆయన్ని అడగండి."

"వినబడుతుంది" అన్నాడు బాబాయి.

అంతవరకూ పేపరు చూస్తున్న గుండాయన తలెత్తాడు. "ఏ కాగితం? ఏముందందులో?"

"ఏదోలేండి, పాతది" అన్నాడు ఫ్రేములాయన.

"మీ పార్టీ డబ్బిచ్చి మా పిన్నితో ప్రచారం చేయించిందని" అన్నాను నేను. నా నోరు అద్దెకిచ్చే అలవాటు నాకు లేదు.

గుండాయన తల ముందు ఎర్రబడింది, తర్వాత మొహం. "దాని మీద ప్రభుత్వమే సంతకం పెడితే మేం లంచమిచ్చినట్టు ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదయ్యా! మేమున్న ప్రభుత్వం! మా వాళ్ళ మీద కాగితం జేబులో పెట్టుకుని నా పక్కన కూర్చున్నావా?" ఫ్రేములాయన అది ఎన్నికల నాటి సంగతన్నాడు. ఈయన చెయ్యి విదిలించుకున్నాడు. సోఫాలో కొత్త ప్రభుత్వం నిలువునా చీలింది. పిన్ని వాళ్ళవైపు చూడకుండా లోపలికెళ్ళి నీళ్ళు వెచ్చబెట్టుకుంది. వాళ్ళని గుమ్మం దాటించే పని నాకు మిగిలింది, సంతోషంగా చేశాను. గుండాయన నడిచే వెళ్ళాడు.

వాళ్ళలో ఎవరు ఎవరికి ఫోను చేశారో, ఎవరు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారో మాకు తెలియదు. ఆ వారంలోనే నేను పిన్నికి ఫ్లాస్కు ఇవ్వడానికి అద్దాల గదికి వెళ్ళినప్పుడు మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. పిన్ని తలుపు వైపు చూసింది. మేనేజరు తనే పైకొచ్చాడు, చేతిలో కాంట్రాక్టు పొడిగింపు కాగితం. సంతకం చేసి ఉంది. రొప్పుతూ బల్ల మీద పెట్టి, పెద్ద మనసు చేసుకున్నట్టు నవ్వాడు.

"ఇక ఏ ఇబ్బందీ లేదమ్మా. ఇవాళ్టి నుంచి మీరు ఆరు అనొచ్చు."

పిన్ని కళ్ళద్దాలు సరిచేసుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నేనెప్పుడు మానేశాను సార్?"

కింద రేవు బస్సు వచ్చి ఆగింది. ఆమె స్విచ్చి నొక్కింది, ఆరో నంబరు అని చెప్పింది. తర్వాత మళ్ళీ చెప్పింది, మరికాస్త నెమ్మదిగా.